పలచగా

పార్నయీబాలో ఆదివారం.
నది మీంచి కాక సముద్రం మీంచి గాలి వచ్చే రోజు.
ఆ గాలికి ఉప్పటి నాలుక ఉంటుంది,
ఆపిన ప్రతి బండినీ నాకిపోతుంది.

అందుకే నాన్న తెల్లారకముందే
షెవెట్‌ని జీడిమామిడి నీడకి తోసుకొచ్చాడు.
స్టార్టు చేయడు. ఇంజను వేడెక్కితే బానెట్ వేడెక్కుతుంది,
వేడి రేకు మీద మైనం అడుగంటిన పాలలా పట్టేస్తుందంటాడు.
అరచేత్తో కాదు, చెయ్యి వెనకవైపుతో తాకి చూస్తాడు,
నాకు జ్వరమొచ్చిందేమోనని చూసినట్టే.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది నాటి ఎరుపు.
పెట్రోలు మూత దగ్గర మాత్రం వేరే ఎరుపు,
ఫోర్టలేజా దారిలో గాడిద తగిలినప్పుడు వేయించింది.
గాడిదకేం కాలేదు. ఆ సంగతి
టాక్సీ ఎక్కిన ప్రతివాళ్ళకీ చెబుతాడు నాన్న,
వాళ్ళు అడగకపోయినా.

కడిగాడు. తుడిచాడు. నాకో గుడ్డ ఇచ్చాడు,
తన పాత బనీను, కుట్లన్నీ కోసేసి.
"కింద పడేశావో, అది ఇక గుడ్డ కాదు, గరుకు కాగితం.
ఇంకోటి తీసుకో."
పొద్దుటి నుంచీ మూడు బనీన్లు పోగొట్టాను.

డబ్బా మూత తిప్పితే
ముందు అరటిపండు వాసన,
దాని వెనక ఎండిన ఆకు వాసన.
ఆ రెండో వాసనకే అవ్వ కుర్చీలోంచి తలెత్తింది.

అవ్వ, ఫిర్మినా, పదకొండో ఏట నుంచీ
కార్నౌబా ఆకులు బాదే కొట్టంలో పని చేసింది.
ఆ తాటిజాతి చెట్టు ఎండాకాలం పొడుగునా
తన నీళ్ళు తను దాచుకోవడానికి
ఆకుకు తనే మైనం పూసుకుంటుంది.
మగవాళ్ళు గడకొడవళ్ళతో ఆకు దించేవాళ్ళు,
ఆడవాళ్ళు ఎండబెట్టి, చీల్చి, బాదేవాళ్ళు.
తలుపులు మూసి. కిటికీలు మూసి.
గాలి వస్తే పొడి పోతుంది,
పొడి పోతే కూలి పోతుంది.
గాలి రాకపోతే ఏం పోతుందో
అవ్వ దగ్గు చెబుతుంది, రాత్రి రెండింటికి.

"ఎంతకి కొన్నావురా ఇది?"
నాన్న చెప్పాడు.
సగమే చెప్పాడని నాకు తెలుసు, బిల్లు చూశాను.
ఆ సగానికే అవ్వ వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది,
రోజుల్లోనో, ఆకుల్లోనో.
రెండు చేతులూ అయిపోయాక మానేసింది.

గోడ మీంచి జురాసీ నవ్వాడు:
"పైన పటారం, లోన లొటారం!
జెనివాల్డో, ఆ గేరుబాక్సుకి పూయవయ్యా మైనం."
నిజమే. మూడో గేరు పడాలంటే దేవుణ్ణి పిలవాలి.
నాన్న పలకలేదు. అప్పుడాయన
డ్రైవరు తలుపు అడుగంచున, ఎవరూ వంగి చూడని చోట,
గోరంత మైనాన్ని మూరెడు దూరం లాగుతున్నాడు.

పలచగా, ఇంకా పలచగా.
దళసరిగా పూస్తే అది బలం కాదు, బద్ధకం.
ఆరాక పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది.
వేలితో గీసి చూడాలి. గీత శుభ్రంగా వస్తే
అప్పుడు తుడవాలి.
బానెట్ నేనే తుడిచాను.
ముందు నా మోచెయ్యి కనబడింది, తర్వాత జీడికొమ్మ,
తర్వాత నా వెనక నిలబడ్డ అవ్వ.

ఎప్పుడు లేచొచ్చిందో.
నా చేతిలో గుడ్డ తీసుకుని
నేను వదిలేసిన మూల రుద్దింది.
"మా రోజుల్లో ఇది కళ్ళల్లో పడేది," అంది.
చెంబుతో నీళ్ళు తెచ్చి తనే పోసింది.
నీళ్ళు నిలవలేదు. గుండ్రంగా, తోసుకుంటూ,
బడి వదిలిన పిల్లల్లా అంచు దూకేశాయి.
ఇంకో చెంబు పోసింది. ఇంకోటి.
"చాలమ్మా, నీళ్ళకీ బిల్లొస్తుంది," అన్నాడు నాన్న.

సోమవారం పొద్దున్నే
జురాసీ వాళ్ళ పుంజు బానెట్ ఎక్కి కూసింది.
బురద కాళ్ళు, ముందద్దం దాకా వరసగా.
అవ్వ పోసిన నీళ్ళ బురదే.
నాన్న చెయ్యి వెనకవైపుతో తాకి చూశాడు.
చల్లగానే ఉంది.
డబ్బా ఎక్కడ పెట్టావని నన్నడిగాడు.